పైవాటా బాకీ

నవంబరు 2, ఆదివారం

తీర్పు వచ్చింది. రఫియమ్మ గెలిచింది.

ఫోన్‌కి అరబిక్‌లో ఒక మెసేజ్, ఇంగ్లీషులో ఒక మెసేజ్ వచ్చాయి. రఫియమ్మకు అరబిక్ మాట్లాడడం ధారాళంగా వచ్చు, చదవడం రాదు. అందుకే కదా నన్ను పెట్టుకుంది. ఇంగ్లీషుది నాలో నేను రెండుసార్లు చదువుకుని, తెలుగులో చెప్పాను. పైవాటాలో ఉండి ఖాళీ చేసి వెళ్ళిన ఆండ్రూ ఏడు నెలల అద్దె, ముప్పై ఒక్క వేల అయిదు వందల రియాళ్ళు, ఈమెకు కట్టాలి.

"అచ్చా, గెలిచిన. మరి పైసలేవి?" అంది రఫియమ్మ.

"ఇంకా ఇవ్వలేదమ్మా. ఇవ్వాలని చెప్పారు."

"ఇయ్యాలని నేను ఏడాది సంది చెప్తనే ఉన్న గద బిడ్డా. గదే ముచ్చట చెప్పనీకి కోర్టు దేనికి?"

యాభై ఏళ్ళ కిందట జనగామ నుంచి పెళ్ళయి గల్ఫ్‌కి, ఈ అల్ రయ్యాన్ ఇంట్లోకి వచ్చింది. ఆమె తెలుగు అప్పుడు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. భర్త పోయాక పైవాటా అద్దె మీదే ఇల్లు నడుపుతోంది. ఇప్పుడు పైన ఏసీలు పనిచేయవు, బాత్రూమ్ కారుతోంది. బాగుచేయిస్తే గానీ కొత్తవాళ్ళు రారు. బాకీ వస్తే గానీ బాగుచేయించలేదు. కొడుకు తల్హా ఇస్తానంటే తీసుకోదు. "నా ఇంటి పని నా ఇంటి పైసలతోనే కావాలె" అంటుంది.

సాయంత్రం తల్హా ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టమంది. లాయరుతో చెప్పి దేశం దాటకుండా ఆపించేద్దాం, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే అక్కడికక్కడే కడతాడు అన్నాడు.

"పెండ్లాం పిల్లల ముంగట నిలబెడ్తవా? నకో. ముందుగాల మర్యాదగ అడగాలె."

"ఎవరడుగుతారు?" అన్నాడు తల్హా.

రఫియమ్మ నావైపు చూసింది. ఫోన్‌లో ఉన్న తల్హా కూడా నావైపే చూసినట్టు అనిపించింది.

నాకీ ఉద్యోగం ఇప్పించింది ఆ ఆండ్రూ భార్యే, డయానా వదిన. చర్చి వరసన ఆయన్ని అన్నయ్య అంటాను. పైవాటాలో ఉన్న రోజుల్లో, "మా ఫెలోషిప్‌లో ఒక పిల్ల ఉందమ్మా, మాట్లాడదు గానీ బాగా చదువుతుంది" అని చెప్పి తీసుకొచ్చింది.

నవంబరు 3

అన్నయ్య నంబరు స్విచాఫ్. చాలా నిరాశపడ్డానని రఫియమ్మతో చెప్పాను.

నవంబరు 5

కోర్టు దగ్గరున్న అతని అడ్రసు మా పైవాటాయే. అద్దె ఒప్పందంలో రాసిచ్చిన కంపెనీ అతన్ని ఎప్పుడో తీసేసిందట. కొత్తిల్లు ఎక్కడో ఎవరికీ తెలియదు. చర్చికి కూడా రావడం మానేశారు. కాబట్టి ఆలస్యం నావల్ల కాదు.

అయినా అడగాల్సిన వాక్యం సిద్ధం చేసుకున్నాను. మొదట ఇలా రాశాను: "అన్నయ్యా, మీకు తెలిసే ఉంటుంది గానీ, రఫియమ్మగారు ఒంటరి మనిషి అవడం వల్లా, పైవాటా మరమ్మతుల వల్లా, తమ వీలును బట్టి, పాత అద్దె విషయం ఒకసారి ఆలోచించగలరేమోనని." చదివితే నేనే అప్పు అడుగుతున్నట్టుంది. కొట్టేశాను. "అన్నయ్యా, తీర్పు వచ్చింది, డబ్బు కట్టాలి." ఇది బాగుంది. లిఫ్టులో అద్దం చూస్తూ అన్నాను. నాలుగో అంతస్తులో ఎవరో ఎక్కారు. వాళ్ళు దిగిపోయేదాకా అద్దంలో బొట్టు సర్దుకుంటున్నట్టు నిలబడ్డాను. నేను బొట్టు పెట్టుకోను.

కాన్వెంట్‌లో పన్నెండేళ్ళు చదివాను. అడిగితే లేచి నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకుని, పూర్తి వాక్యంలో జవాబు చెప్పాలి. అడగకపోతే నోరు మెదపకూడదు. అందుకే, అడిగినదానికి చెప్పడం నాకు బాగా వచ్చు. నా అంతట నేను మొదలుపెట్టడమే రాదు.

నవంబరు 7, శుక్రవారం

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర వెనకనుంచి ఎవరో నా జడ లాగారు. డయానా వదిన!

"ఏమే ప్రవల్లీ, ఇంకా చిక్కిపోయావే! ఆ ముసలమ్మ అన్నం పెట్టట్లేదేంటే?"

నేను ఏమీ అనకముందే అమ్మని పట్టుకుంది. "అత్తా, మేం వక్రాలో ఫ్లాట్ తీసుకున్నాం. మీ అబ్బాయికి కొత్త ఉద్యోగం. ఇరవై ఎనిమిదో తారీఖు సాయంత్రం కృతజ్ఞత కూడిక పెడుతున్నాం. మావయ్యని కూడా తీసుకుని రావాలి. మా ఆయనేమో ఇప్పుడెందుకు, తర్వాత చూద్దాం అంటాడు. కొత్తింట్లో ప్రార్థన పెట్టుకోకుండా, నలుగురికీ భోజనం పెట్టకుండా కాపురం ఎలా చేస్తామత్తా?"

"అదేంటే, తప్పు కదూ," అంది అమ్మ.

"ఉండండి, లొకేషన్ పెడతా."

కోర్టువాళ్ళకు దొరకని అడ్రసు పిన్‌తో సహా నా ఫోన్‌లోకి వచ్చింది. కింద "మందుల షాపు పక్క సందు, మూడో ఫ్లోరు, లిఫ్టు పాడైంది" అని కూడా రాసింది.

ఎంత ధైర్యం వదినకి! ఇంటి ఓనరుకి ఏడు నెలలు ఎగ్గొట్టి, ఆ ఓనరు దగ్గర పనిచేసే నన్నే భోజనానికి పిలుస్తుందా?

నవంబరు 8

రఫియమ్మకు చెప్పాను.

"దావత్ ఇస్తుండా! నా పైసలతోని బిర్యానీ!" నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. మంచినీళ్ళు తాగి, "మటనా, చికెనా?" అంది.

కనుక్కుని చెప్తానన్నాను.

నవంబరు 14, శుక్రవారం

ఇవాళ అడగడానికే వెళ్ళాను. కర్టెన్లు కట్టడానికి సాయం రమ్మని వదిన పిలిచింది కాబట్టి వీలు కూడా కుదిరింది.

తలుపు తీసింది ఆండ్రూ అన్నయ్యే. నన్ను చూసి, తలుపు సగం మూసి, మళ్ళీ తీశాడు. బాగా సన్నబడ్డాడు.

"రా... రామ్మా. ఒక్కదానివేనా?" అంటూ నా వెనక మెట్ల వైపు చూశాడు. పోలీసులొచ్చారనుకున్నాడేమో.

"అన్నయ్యా," అన్నాను. అంతవరకు సరిగ్గానే వచ్చింది. తరువాత వాక్యం ఎక్కడికో పోయింది. ఈలోగా లోపలినుంచి వదిన, "వచ్చావా? స్టూలెక్కు!" అని కేక వేసింది.

స్టూలెక్కాను. కింద నిలబడి కర్టెన్ అందిస్తూ వదిన చెప్పింది. "వచ్చే నెల ఇరవయ్యో తారీఖుకి టికెట్లు తీశాం, క్రిస్మస్‌కి రాజోలు. పిల్లలు అప్పుడే లెక్కపెట్టుకుంటున్నారు. ప్రవల్లీ, నిన్నొకటి అడగనా? ఏమనుకోకు. రఫియమ్మ మా డిపాజిట్టు ఇంకా ఇవ్వలేదే. ఒక నెల అద్దె. మీ అన్నయ్యని అడిగితే, పెద్దావిడ, ఏమడుగుతాం, వదిలెయ్ అంటాడు. అంత మంచితనం పనికిరాదు. నువ్వయినా ఒకసారి గుర్తుచెయ్యి."

స్టూలు మీద ఉన్నాను కాబట్టి గోడ పట్టుకున్నాను. వదినకి తెలియదు. అద్దె బాకీ, కోర్టు, తీర్పు, ఏదీ తెలియదు.

అన్నయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను చూశాను. ఆయన చూశాడు.

భోజనంలో నా కంచంలో చేపముక్కలు తనే వేశాడు. వద్దంటున్నా మూడోది కూడా వేశాడు. వచ్చేటప్పుడు పులుసు ఒక డబ్బాలో కట్టి ఇచ్చారు. అడగడానికి ఇది సరైన సమయం కాదని నిర్ణయించుకున్నాను. భయంతో కాదు.

నవంబరు 15

పులుసు సగం రఫియమ్మకు తీసుకెళ్ళాను. మొత్తం తిని, గిన్నె తుడిచి, అప్పుడు అడిగింది.

"మంచిగున్నది. అడిగినవా?"

"సగం అడిగానమ్మా."

"సగమంటే?"

"అన్నయ్యా అని పిలిచాను."

గిన్నె పక్కన పెట్టింది. తరువాత, "డయానాకు ఎర్కేనా?" అంది. తెలియదన్నాను. "మొగోళ్ళు!" అని, టీ పెట్టడానికి లేచింది. ఇద్దరికీ పెట్టింది.

నవంబరు 20

సాయంత్రం పని ముగించి బయటికొస్తే సందు చివర ఆండ్రూ అన్నయ్య. గంటనుంచి నిలబడ్డాడట. రఫియమ్మ ఇంటి తలుపు కొట్టే ధైర్యం లేక.

ఉద్యోగం పోయిన సంగతి వదినకి ఆ రోజే చెప్దామనుకున్నాడట. ఆ రోజు పెద్ద పాప పుట్టినరోజు. మర్నాడు చెప్దామనుకున్నాడు. మర్నాడు వదిన పొద్దున్నే క్యారేజీ కట్టి చేతికిచ్చింది. తీసుకుని బయటికెళ్ళాడు. ఏడు నెలలు అలాగే వెళ్ళాడు. మెడలో పాత కంపెనీ కార్డు వేసుకుని కార్నిష్‌లో, సముద్రం ఒడ్డున కూర్చునేవాడట. ఎండలు ముదిరాక మాల్స్‌లో. పాపల ఫీజులు, తిండి, దాచిన డబ్బుతో లాక్కొచ్చాడు. అద్దె మిగల్లేదు. ఇప్పుడు స్టోర్లో ఉద్యోగం, జీతం తక్కువ.

"మెసేజీలు వచ్చేవమ్మా. కోర్టు నుంచి, అరబిక్‌లోనూ ఇంగ్లీషులోనూ. చదివితే నిజమవుతుందని చదవలేదు. క్రిస్మస్‌కి వెళ్ళొచ్చాక నెలకింత చొప్పున కట్టేస్తాను. డయానాకి మాత్రం చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటా."

నేను మాట ఇవ్వలేదు. తల ఊపాను, అంతే.

నవంబరు 24

తల ఊపకుండా ఉండాల్సింది.

నెలకింత అన్న సంగతి రఫియమ్మ ఒప్పుకుంది. తల్హా ఒప్పుకోలేదు. ఇరవయ్యో తారీఖుకి కుటుంబంతో సహా టికెట్లు తీశాడంటే తిరిగి రాడు అన్నాడు. నేను రఫియమ్మకు చెప్పినవన్నీ రఫియమ్మ ఆయనకు చెప్పింది. ఇవాళ లాయరు దరఖాస్తు పెట్టేశాడు. డబ్బు కట్టకపోతే ఎయిర్‌పోర్టులో ఆపుతారు. వదిన, ఇద్దరు పిల్లలు, పెట్టెలు, అందరి ముందూ.

రఫియమ్మ కొడుకుతో మాట్లాడడం మానేసింది. "పైసలు చేతికొస్తే నేనే వాపస్ తీసుకొమ్మంట. గప్పటిదాంక ఫోన్ చెయ్యకు" అని ఫోన్ పెట్టేసింది.

అన్నయ్యకి చెప్పాలి. మళ్ళీ స్విచాఫ్. కొత్త నంబరు నాకు ఇవ్వలేదు. వదిన నంబరు ఉంది. వదినకి ఏమని చెప్పను?

నవంబరు 26

మెసేజ్ టైప్ చేశాను. తుడిచేశాను. టైప్ చేశాను.

నవంబరు 28, శుక్రవారం

అయిపోయింది. ఎలా జరిగిందో అలాగే రాస్తాను.

ఇరవైమందికి పైగా వచ్చారు. పక్కవాళ్ళకు ఇబ్బంది కాకూడదని కిటికీలు మూసి, డప్పు లేకుండా, గొంతులు తగ్గించి పాడుకున్నాం. వంటింట్లోంచి బిర్యానీ వాసన. మటన్. అన్నయ్య నాకు ఎదురుగా తివాచీ మీద కూర్చున్నాడు. నావైపు చూడలేదు.

బైబిల్ వాక్యం చెప్పడం అయ్యాక జోయెల్ అంకుల్ ప్రార్థన మనవులు అడగడం మొదలుపెట్టారు. ఆయన బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంప్‌లో సేఫ్టీ ఆఫీసరు. ఎవరైనా మోకాలి నొప్పి అంటే ఏ మోకాలు, ఎప్పట్నుంచి, ఎక్స్‌రే తీయించారా అని అడిగి గానీ ప్రార్థన చేయరు. వరసగా వస్తున్నారు. శ్యామల ఆంటీ కొడుకు వీసా. ఎవరిదో ప్రమోషన్. నేనెప్పుడూ "అందరి ఆరోగ్యం కోసం అంకుల్" అని తప్పించుకుంటాను.

"ప్రవల్లికమ్మా, నీ మనవి?"

నన్ను అడిగారు. లేచి నిలబడ్డాను. అందరూ కూర్చునే చెప్పారు. నేను నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"నేను పనిచేసే ఇంటి అమ్మగారికి పాత అద్దె రావాలి అంకుల్. అది ఆమె చేతికి రావాలని ప్రార్థించండి."

"ఎన్ని నెలలది?"

"ఏడు నెలలది అంకుల్."

"నోటిమాటేనా, కోర్టు తీర్పు ఉందా?"

"తీర్పు వచ్చింది అంకుల్."

"మనిషి దేశం వదిలి వెళ్ళిపోయాడా?"

"ఇక్కడే ఉన్నాడు అంకుల్."

"కట్టకపోతే?"

"ఎయిర్‌పోర్టులో ఆపుతారు. సోమవారమే దరఖాస్తు వెళ్ళిపోయింది. కడితే వెంటనే వెనక్కి తీసుకుంటామని అమ్మగారు చెప్పారు."

అన్నయ్య తలెత్తాడు.

"పేరు?"

"పేరు ప్రభువుకి తెలుసు అంకుల్."

"సరే, ఆయనకి తెలిస్తే చాలు," అని అంకుల్ కళ్ళు మూసుకున్నారు. మిగతా మనవులన్నీ చెప్పి, నా దాని దగ్గరకొచ్చేసరికి ఆయన గొంతు ఇంకాస్త లేచింది. "ఆ సోదరుడు ఎవరైతేనేం తండ్రీ, అతన్ని దర్శించు! అతనికి నిద్ర పట్టనీయకు! ముద్ద మింగుడు పడనీయకు! కట్టేదాకా వదలకు తండ్రీ!"

"ఆమెన్," అన్నారందరూ. అందరికంటే గట్టిగా డయానా వదిన అంది.

తరువాత వంటింట్లో గరిటె పట్టుకుని బిర్యానీ కలుపుతూ, "ఎవడే వాడు? పెద్దావిడ డబ్బు తిని ఎలా తిరుగుతున్నాడే?" అంది. నేను పళ్ళేలు తుడుస్తున్నాను. "మా తర్వాత ఎవర్ని దింపిందే ఆ పైవాటాలో?"

అడిగింది.

"మీ తర్వాత ఎవరూ దిగలేదు వదినా."

గరిటె ఆగింది. గుమ్మంలో నీళ్ళ జగ్గుతో అన్నయ్య నిలబడి ఉన్నాడు. వదిన ఆయన మొహం చూసింది. ఇంకేమీ అడగలేదు. బయట ఎవరో, "ఏం డయానా, ఆకలి!" అని కేకేశారు. "వస్తున్నా పిన్నీ!" అని నవ్వుతూ గిన్నె ఎత్తుకుంది.

అందరికీ కొసరి కొసరి వడ్డించింది. ఆండ్రూ అన్నయ్య కంచంలో మాత్రం తెల్లన్నం, ఒక ఉల్లిపాయ ముక్క.

నవంబరు 29

ఎవరూ ఫోన్ చేయలేదు.

అమ్మ పొద్దుటినుంచీ, "నోట్లో నాలుక లేని పిల్లనుకున్నాను కదే" అంటోంది. మెచ్చుకోవడమో తిట్టడమో తెలియడం లేదు.

డిసెంబరు 1

వదిన ఫోన్ చేసింది. పావుగంట తిట్టింది. నన్ను కాదు, అన్నయ్యని, నాకు వినిపించేలా. పక్కనే ఉన్నట్టున్నాడు.

"నేను తెల్లారకుండా లేచి కట్టిన క్యారేజీ ఏడు నెలలు కార్నిష్‌లో పావురాలకి పెట్టాడంటే! గుత్తొంకాయ! పావురాలకి!"

"అన్నీ పెట్టలేదు," అని వెనకనుంచి వినిపించింది.

"నువ్వు మాట్లాడకు." తరువాత గొంతు తగ్గించింది. పక్కగదిలోకి వెళ్ళినట్టుంది. "ప్రవల్లీ, నీ మీద కోపం ఉంది. నెల రోజులు తెలిసి కూడా చెప్పలేదు. అది తర్వాత చూసుకుందాం. నేనూ ఒకటి దాచానే. మీ అమ్మ దగ్గర నాకో చీటీ ఉంది, నర్సరీ స్కూల్లో నా జీతంలోంచి కడుతున్నా. రాజోల్లో మా చెల్లి ఇంటి పక్క స్థలం కొని ఆయన్ని ఆశ్చర్యపరుద్దామని. ఆయనే నన్ను ఆశ్చర్యపరిచాడు." నవ్వింది. కాసేపు ముక్కు చీదింది. మళ్ళీ నవ్వింది.

డిసెంబరు 5, శుక్రవారం

అమ్మ చీటీ మా హాల్లోనే నడుస్తుంది. తొమ్మిదిమంది ఆడవాళ్ళు, నెలకు మూడువేలు, టీ, జంతికలు. డబ్బు అవసరమైనవాళ్ళు పాడతారు. ఎవరు ఎక్కువ నష్టానికి పాడితే చీటీ వాళ్ళది, ఆ నష్టం మిగతావాళ్ళు పంచుకుంటారు. డిసెంబరు చీటీకి ఎప్పుడూ గొడవే. అందరికీ పండగ ఖర్చులు. శ్యామల ఆంటీ పాట పెంచుతూ పోతుందని అందరికీ భయం.

వదిన మామూలుగా కూర్చునే చోట కూర్చోలేదు. గుమ్మం పక్కన కూర్చుంది. అమ్మ "పాట మొదలుపెట్టండి" అంది.

"నాకు కావాలి," అంది వదిన. "ఎంతకైనా సరే. రెండు వేలు నష్టం."

ఎవరూ పాడలేదు.

"మూడు వేలు నష్టం," అంది వదిన, తన మీద తనే పాడుతూ.

"నీకు నువ్వే పెంచుకుంటావేంటే, పిచ్చిదానా," అంది శ్యామల ఆంటీ. "నాకు ఈ నెల అక్కర్లేదు. ఎవరికైనా కావాలా?" అందరినీ చూసింది. ఎవరికీ అక్కర్లేదట. నిన్నటిదాకా అందరికీ కావాలి, అమ్మకి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. "మరి పోటీ లేనప్పుడు పాటేంటి, నష్టమేంటి? రాసెయ్ దేవకుమారీ, పూర్తి ఇరవై ఏడు వేలు." అని అమ్మతో చెప్పి, జంతిక విరిచి నోట్లో పెట్టుకుంది.

నష్టం లేకుండా చీటీ ఎత్తడం అమ్మ దగ్గర ఇదే మొదలు. కారణం ఎవరూ అనలేదు. ఆ మధ్య జోయెల్ అంకుల్ ప్రార్థనలో కూర్చున్నవాళ్ళే అందరూ.

వదిన జంతిక చేతిలో పట్టుకునే ఇంటికెళ్ళింది.

డిసెంబరు 8

ఇద్దరూ రఫియమ్మ ఇంటికి వచ్చారు. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వదిన ముందు నడిచింది.

"అమ్మా, ఇరవై ఏడు వేలు ఉన్నాయి. లెక్క చూసుకోండి."

రఫియమ్మ డబ్బు ముట్టుకోలేదు. అన్నయ్యని చూసింది. "నౌకరి పోయిందని ఒక్క మాట చెప్తే నేను నిన్ను కొరుకుతుంటినా? పైన కూసొని నా నెత్తి మీదికెళ్ళి నడుచుకుంట, పొద్దుగాల సలాం కొట్టుకుంట పోతివి గద! నేను కింద కూసొని డ్యూటీకి పోతుండు అనుకుంటి!"

"తప్పయిపోయిందమ్మా."

"తీర్పు ముప్పై ఒకటిన్నర. గివి ఇరవై ఏడు. బాకి నాలుగున్నర?"

అన్నయ్య నేల చూశాడు. వదిన చూడలేదు.

"అది మా డిపాజిట్టమ్మా," అంది. "మీరు మాకు ఇవ్వాల్సింది."

రఫియమ్మ నవ్వడం మొదలుపెట్టింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. "అరే అల్లా! కోర్టుకు పోయినోళ్ళం మేము, లెక్క చూపిచ్చింది నువ్వు! గింత మంచి పిల్లను పెట్టుకొని గీయన కార్నిష్ల కూసుండు! హిసాబ్ అయిపోయింది. పో బిడ్డా, పైసలు ముట్టినయని రాయి, ఏలుముద్ర కాదు, సంతకం చేస్త."

రాశాను. సంతకం చేసింది. ఉర్దూలో.

రెండు వారాల తరువాత మొదటిసారి తల్హాకి ఫోన్ చేసింది. "వాపస్ తీసుకో" అంది. లాయరుతో చెప్పి తీయిస్తాను, టైమ్ పడుతుంది అన్నాడు.

అన్నయ్య మెట్ల దగ్గర నన్ను ఆపాడు. "ఇరవయ్యోకల్లా తీసేస్తారు కదమ్మా?"

"తీసేస్తారన్నయ్యా," అన్నాను. నాకు తెలియదు.

డిసెంబరు 11

తీయలేదు.

డిసెంబరు 14

లాయరు కాగితాలు ఇచ్చాడట. కోర్టులో ఇంకా సంతకం కాలేదట. అన్నయ్య రోజుకి మూడుసార్లు ఫోన్ చేస్తున్నాడు. ఇప్పుడు స్విచాఫ్ చేయడం లేదు.

డిసెంబరు 17

రేపు నేషనల్ డే. ఆ తరువాత శుక్రవారం, శనివారం. ఆఫీసులన్నీ మూత. ఇవాళ అవ్వకపోతే అవ్వనట్టే. తల్హా ఫోన్ ఎత్తడం లేదు, లాయరు నంబరు ఆయన దగ్గరే ఉంది.

డిసెంబరు 18

రోడ్ల మీద జెండాలు, హారన్లు. తల్హా ఫోన్ ఎత్తలేదు. స్నేహితులతో ఎడారిలో టెంటు వేసుకున్నాడట. "గాడ సిగ్నల్ లేదు, వానికి బుద్ధి లేదు" అంది రఫియమ్మ.

డిసెంబరు 19

వదిన పెట్టెలు సర్దేసింది. "ఆపితే ఆపనీ, నేనూ పిల్లలూ కూడా ఆగిపోతాం. బిర్యానీ చేసుకుంటాం" అంది. గొంతు మామూలుగానే ఉంది. పెట్టె తాళంచెవి ఎక్కడ పెట్టిందో మాత్రం నన్ను మూడుసార్లు అడిగింది.

డిసెంబరు 20, శనివారం

నాన్న కారులో అందరం ఎయిర్‌పోర్టుకి వెళ్ళాం. నేను ఎందుకు వెళ్ళానో నాకు తెలియదు. నేను వెళ్తే ఏం చేయగలను?

హైదరాబాద్ విమానం. లైనంతా మనవాళ్ళే. దుప్పట్లు చుట్టిన టీవీలు, తాళ్ళు కట్టిన అట్టపెట్టెలు. పెట్టెలు ఇచ్చేశాక ఇమిగ్రేషన్‌కి వెళ్ళే దారి దగ్గర మేం ఆగిపోయాం. అక్కణ్ణుంచి ప్రయాణికులే వెళ్ళాలి. పిల్లలు మా నాన్నకి టాటా చెప్పారు. వదిన నా జడ లాగింది. అన్నయ్య నా చెయ్యి పట్టుకుని వదిలాడు.

వాళ్ళు లోపలికి నడిచారు. దూరంగా లైను కనిపిస్తూనే ఉంది. ముందు పిల్లలు, తరువాత వదిన, వెనక అన్నయ్య. వదినా పిల్లలూ గేటు దాటారు. అన్నయ్య వంతు వచ్చింది. పక్కకు జరిగి వెనకాయనకి దారి ఇచ్చాడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ జరిగాడు. మరొకాయనకి. మరొకాయనకి. అవతల వదిన చెయ్యి ఊపుతోంది. ఆయన కదలడం లేదు.

నా ఫోన్ మోగింది. తల్హా. ఇప్పుడే సిగ్నల్లోకి వచ్చాడట. బుధవారం మధ్యాహ్నమే తీసేశారట, లాయరు మెసేజ్ ఫోన్‌లో అప్పట్నుంచీ ఉందట, సారీ అన్నాడు. పెట్టేశాను. అప్పటికి ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

అన్నయ్యకి ఫోన్ చేశాను. రింగవుతోంది, తీయడు. జేబులో సైలెంట్‌లో పెట్టుకున్నట్టున్నాడు. మరోసారి పక్కకు జరిగాడు. ఒక ఆఫీసరు ఆయన్నే చూడడం మొదలుపెట్టాడు.

అడ్డంగా కట్టిన పట్టీ మీదకి వంగాను.

"ఆండ్రూ అన్నయ్యా! తీసేశారు! బాకీ లేదు! వెళ్ళిపో!"

అంత పెద్ద గొంతు నాకుందని నాకు తెలియదు. హాలంతా మోగింది. లైనులో ఉన్న తెలుగువాళ్ళందరూ ఒకేసారి వెనక్కి తిరిగారు. అన్నయ్య కూడా తిరిగాడు.

"ఏమీ లేదు! వెళ్ళు!" మళ్ళీ అరిచాను.

లైనులో ఎవరో నవ్వారు. ఇంకెవరో "మాఫీ బాకీ! యల్లా, పోవయ్యా!" అని అన్నయ్యని భుజం మీద తట్టి ముందుకు తోశారు. ఆయన గేటు దగ్గరికి వెళ్ళాడు. ఐడీ కార్డు పెట్టాడు. కెమెరా వైపు చూశాడు.

గేటు తెరుచుకుంది. అవతల పిల్లలిద్దరూ ఆయన కాళ్ళకు చుట్టుకున్నారు. వదిన ఆయన వీపు మీద ఒక్కటి వేసింది.

నాన్న నా మొహం వైపు కొత్తమనిషిని చూసినట్టు చూస్తున్నారు. లైను చివర చేతిసంచి కాళ్ళ మధ్య పెట్టుకున్న ఒకాయన చెయ్యెత్తాడు.

"అక్కా! మాది గూడ జర చూసి చెప్పరాదె!"

"నీకూ ఏమీ లేదన్నా, వెళ్ళు!" అని అరిచాను.